రేనాటి కొండలలో సైకిలు యాత్ర

మన పురాణేతిహాసములలో యాత్రలకు కొదువ లేదు. సీతాదేవి చిత్రకూటమునుండి గోదావరీతీరము వఱకు కాలినడకను పోయెను. ద్రౌపది పతులతోగూడ పండ్రెండేండ్లు అడవులు తిరిగెను. సావిత్రి తనకు తగిన వరుని తానే వెదకికొనుటకు రథమెక్కి దేశములు చూచివచ్చెను. ఈ కథలను నోములనాడును వ్రతములనాడును చెప్పుకొనుచునే యుందుము గాని, మన యూరికి పది క్రోసుల దూరమున నున్న కొండ పేరడిగిన మనలో ననేకులకు తెలియదు. బస్సు కిటికీలోనుండి చూచినది చూచినట్లే వెనుకకు జరిగిపోవును. కారు అంతకంటెను తొందఱపడును. కాలినడకకు ఇంటిపనులు వ్యవధి నీయవు. ఈ మూటికిని నడుమ నొక సాధనమున్నది. దానికి పెట్రోలు అక్కఱలేదు, టిక్కెట్టు అక్కఱలేదు, డ్రైవరు అక్కఱలేదు. అది మన పెరటిగోడకు చేరవేసి యుండును. పిల్లల సైకిలని, పాలకు పోవు సైకిలని మనము దానిని లెక్కింపము.

గడచిన మార్గశిర మాసమున మేము అట్టి సైకిళ్ల మీదనే బనగానపల్లెనుండి గండికోట వఱకు ఒక్క దినమున సుమారు 100 కిలోమీటర్లు పోయితిమి. ఆ బాట యెట్టిదో, అందు చూడదగినవేవో, ఆడువారు అట్టి ప్రయాణమునకు ఎట్లు సిద్ధపడవలెనో సోదరీమణులకు తెలుపుటకే ఈ వ్యాసము. దారిలో విన్న యొక మాట మమ్ము నేటికిని విడువకున్నది. దానినికూడ తల్లుల యెదుట నుంచెదము.

ప్రయాణ సన్నాహము

మా యింటివారు ఉపాధ్యాయులు. పాఠశాలకు నిత్యము సైకిలు మీదనే పోవుదురు. వారి ప్రోద్బలమున మేమును, మా ఆడుబిడ్డయు, పొరుగింటి ఉపాధ్యాయినియు రెండేండ్లనుండి ఆదివారపు ఉదయములందు సైకిలు తొక్కుట అలవఱచుకొంటిమి. మొదట 5 కిలోమీటర్లు, పిదప 10, ఆపైన 20, 40. శరీరము నెమ్మదిగా నేర్చుకొనును. తొందఱపెట్టిన మోకాళ్లు మొఱపెట్టును. 100 కిలోమీటర్ల మాట యెత్తినపుడు మా అత్తగారు ముక్కుమీద వ్రేలు వేసికొని, "గడప దాటితే సరేననుకొంటిని, వీధి దాటితే సరేననుకొంటిని, ఇప్పుడు జిల్లాయే దాటుతారా?" అనిరి. అయినను బయలుదేరు ముందటి రాత్రి సజ్జరొట్టెలు కాల్చి, నువ్వుల పొడి పొట్లము కట్టి యిచ్చినది ఆమెయే.

సైకిలును గూర్చి రెండు మాటలు. చీర కట్టుకొనువారికి నడుమ అడ్డుకడ్డీ లేని సైకిలును, గొలుసునకు మూతయు, వెనుకచక్రమునకు వలయు ఉండవలెను. దూర ప్రయాణమునకు మాత్రము సల్వారు కమీజు మేలు. చున్నీని నడుమునకు బిగించి కట్టవలెను. వ్రేలాడు కొంగు చక్రములో చిక్కిన ప్రాణమునకే ముప్పు. శిరస్త్రాణము తప్పనిసరి. కొండదారికి గేర్లున్న సైకిలు కావలెను. గేరనగా బ్రహ్మవిద్య కాదు. ముందరి పళ్లచక్రము చిన్నదై, వెనుకది పెద్దదైనపుడు, పెడలు ఒక్కమాఱు త్రిప్పిన బండి కొంచెమే జరుగును గాని కాలికి భారము తగ్గును. ఎత్తైన మెట్లు పది యెక్కుటకు మాఱు పొట్టి మెట్లు ముప్పది యెక్కుటవంటిది. ఎక్కుట తుదకు అంతే, ఆయాసములో భేదము. ఎక్కుడు మొదలు కాకమునుపే గేరు తగ్గించుకొనవలెనుగాని, మధ్యలో ఆగిపోయినపుడు కాదు.

ఒక్కొక్కరము రెండేసి లీటర్ల నీరును, ఉప్పును చక్కెరయు నిమ్మరసమును కలిపిన మఱియొక సీసాను కట్టుకొంటిమి. చెమటతో నీరు మాత్రమే కాదు, ఉప్పుకూడ పోవును. వట్టి నీరు త్రాగుచు పోయిన తల తిరుగును, పిక్కలు పట్టును. దాహము వేయకమునుపే పావుగంట కొకసారి రెండు గుక్కలు త్రాగుట మంచిది. పంపు, అదనపు ట్యూబు, అతుకుల పెట్టె, చేతిదీపము, చిన్న మందుల పొట్లము మా యింటివారి సంచిలో నుండెను.

బనగానపల్లె మొదలు అవుకు వఱకు

ఉదయము 5 గంటలకు దీపములు వెలిగించుకొని బయలుదేరితిమి. బనగానపల్లె 1948 వఱకు నవాబుల సంస్థానము. పూర్వము కర్నూలు జిల్లాలో నుండి, 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఈ యూరి పేరు తెలియని తెలుగింటి ఇల్లాలు లేదు. వేసవిలో మనము బుట్టలతో కొను బంగినపల్లి మామిడికి ఈ యూరివలననే ఆ పేరు వచ్చినది. 2017లో ఆ పండునకు భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. ఊరి వెలుపల రవ్వలకొండ. పోతులూరి వీరబ్రహ్మముగారు అచ్చమ్మగారి ఆవులను కాయుచు, ఈ కొండగుహలో కాలజ్ఞానము వ్రాసిరని ప్రతీతి. ఎద్దులు లేని బండ్లు నడుచునని ఆయన ముందే చెప్పెనని జనులు చెప్పుకొందురు. చీకటిలో మా నాలుగు బండ్లును ఎద్దులు లేకయే ఆ కొండను దాటినవి.

తెల్లవాఱుసరికి ఇరుప్రక్కల నల్లరేగడి చేలు కనబడెను. తూర్పున దూరముగా నల్లమల నీలపుగీతవలె నుండెను. పడమట ఎఱ్ఱమల కొండలు. శిఖరములు లేక, పీట వేసినట్లు చదునైన తలలు గలవి. ఈ రెండు కొండలనడుమ కుందూనది పాఱుచు దక్షిణమున పెన్నలో కలియును. ఈ సీమకు రేనాడని ప్రాచీన నామము. రేనాటి చోళులు తమ శాసనములను తెలుగున వ్రాయించిరి. కడప జిల్లా కలమళ్లలో దొరకిన ధనంజయుని శాసనము క్రీ.శ. 575 ప్రాంతమునది. మనకు లభించిన తెలుగు శాసనములలో అదియే మొదటిదని పండితులు చెప్పుచున్నారు. వర్షము తక్కువైన యీ నేలలో అక్షరము తొలుత మొలకెత్తినదని తలచినపుడు మాకు ఒడలు పులకరించినది.

ఈ రేనాడే 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీవారిపై తిరుగబడిన సీమ. ఆయనను 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లలో ఉరితీసిరి. ఆ కథను నేటికిని పాటగా పాడుదురు.

చేలలో శనగపైరు పచ్చగా పఱచుకొని యుండెను. రేగడినేల వానకాలపు తడిని కడుపులో దాచుకొని, చలికాలపు మంచుతోనే శనగను పండించును. మార్గశిరమున గాలి ఈశాన్యమునుండి వీచును. మేము దక్షిణమునకు పోవుచుంటిమి గనుక ఆ గాలి మా వెన్ను తట్టి నడిపించినది. సైకిలు యాత్రకు దిక్కును నిర్ణయించునపుడు గాలిని విచారించుట ఎంత అవసరమో ఆనాడు తెలిసినది.

అవుకు చేరుసరికి 7 గంటలు దాటినది. హోటలులో ఉగ్గానియు మిరపకాయ బజ్జియు తింటిమి. నానబెట్టిన బొరుగులకు ఉల్లి, పసుపు, వేయించిన పప్పులపొడి పట్టించిన యీ ఉగ్గాని మన సీమ సొత్తు. కడుపునకు తేలిక, కాలికి బలము. ఊరిప్రక్క కొండలనడుమ జలాశయము నిండి యుండెను. శ్రీశైలమున నిలిచిన కృష్ణానీరు పోతిరెడ్డిపాడునుండి కాలువలలో వచ్చి, గోరకల్లు, అవుకు దాటి, కొండలో తొలిచిన సొరంగములగుండ గండికోట జలాశయమునకు పోవుచున్నది. మేము పోవుచోటికే ఆ నీరును పోవుచున్నదని తెలిసి, తోడు దొరకినట్లైనది.

నాపరాతి సీమయు బేలం బిలమును

అవుకు విడిచినపిదప బాట కొండలలో మెలికలు తిరిగి ఎక్కెను. ఇది ఘాటురోడ్డు కాదు గాని, ఎక్కుట, దిగుట, మరల నెక్కుట. ఈ విధమైన దారి కాళ్లకంటె మనస్సును అలయించును. మేము ఒకరి నొకరు పోటీపడక, మాటలాడుటకు ఊపిరి చాలునంత వేగముతోనే పోయితిమి. మాట తడబడినచో వేగము హెచ్చినదని గుర్తు. దిగునపుడు రెండు బ్రేకులను పట్టి విడిచి, పట్టి విడిచి దిగవలెను. ముందరిదానినే గట్టిగా పట్టిన తలక్రిందులగుట నిశ్చయము.

కొలిమిగుండ్ల సీమలో నేల స్వరూపము మాఱినది. పొలముల గట్లు, ఇండ్ల గోడలు, కప్పులు, గుమ్మపు బండలు అన్నియు నాపరాళ్లే. మన వంటయింట పొయ్యిక్రింద నిగనిగలాడు నల్లని కడపబండ యిట్టి గనులనుండియే వచ్చును. రోజుకు పదిసార్లు తుడుచు ఆ బండ పుట్టినచోటు చూచుట మాకు పుట్టింటివారి యూరు చూచినట్లే తోచినది. అయితే సిమెంటు కర్మాగారములు వెలసినందున ఈ రోడ్లమీద పెద్ద లారీలు విశేషముగా తిరుగును. మేము ఒకరివెనుక నొకరము ఎడమ అంచుననే పోయితిమి. లారీ దాటినపుడు లేచు తెల్లని దుమ్మునకు చున్నీ ముఖమునకు అడ్డము పెట్టుకొంటిమి. గనులలో రాళ్లు మోయు స్త్రీలకు ఆ దుమ్ము దినమంతయు తప్పదు గదా!

సున్నపురాతిలో నీరు వేలయేండ్లు మెల్లగా కరగించిన దారులే బేలం గుహలు. చదునైన పొలములనడుమ బావివంటి గోతులు కనబడును. మెట్లు దిగినగాని లోపల నింత లోకమున్నదని తోచదు. బిలమను మాటయే బేలమైనది. 1884లో రాబర్టు బ్రూసు ఫూటు అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని పేర్కొనెను. దాదాపు నూఱేండ్లకు, 1982-83లో, డేనియల్ గెబావరు నాయకత్వమున జర్మను దేశీయులు లోపలికిపోయి కొలిచిరి. కొలువబడిన పొడవు 3,229 మీటర్లు. 2002నుండి యాత్రికులకు ప్రవేశము కలదు. దీపములున్న భాగము సుమారు కిలోమీటరున్నర. లోపల చల్లగా నుండునని తలచితిమి గాని, గాలిలో ఉక్క యెక్కువ. అందుచేతనే పైనుండి గొట్టములద్వారా గాలిని పంపుచున్నారు. పాతాళగంగయను చోట రాతిలోనుండి వచ్చిన నీరు మరల రాతిలోనికే పోవుచున్నది.

అచట నిలిచినపుడు మాకు కిష్కింధాకాండలోని స్వయంప్రభ జ్ఞప్తికి వచ్చెను. దాహముతో బిలము సొచ్చి దారి తప్పిన వానరవీరులకు ఫలములు పెట్టి, నీరిచ్చి, వెలుపలికి చేర్చినది ఆ తాపసియే. హనుమంతునంతటి వానికిని ఆనాడు దారి చూపినది ఒక స్త్రీ.

పల్లేరుకాయ చెప్పిన పాఠము

పదకొండున్నరకు బేలం విడిచి జమ్మలమడుగు దిక్కునకు మరలితిమి. మధ్యాహ్నము ఒంటిగంట వేళ ఒక చిన్నపల్లె దగ్గఱ మా వెనుకచక్రము నేలకు అంటుకొనిపోయినది. విప్పి చూడగా పల్లేరుకాయ. వైద్యులు మందునకు వాడు ఆ పల్లేరే సైకిలునకు శత్రువు. మా యింటివారు చేయిచాచిరి గాని, మేమే కూర్చుండి పని ప్రారంభించితిమి. చక్రము ఊడదీసి, మీటలతో టైరు అంచు తప్పించి, ట్యూబు పైకి లాగి గాలి కొట్టవలెను. దానిని నీళ్లలో ముంచిన బుడగలు వచ్చుచోట చిల్లి. ఆ చోటు ఆరబెట్టి గరుకుకాగితముతో రుద్ది, బంక పూసి, తడి పోయినపిదప అతుకు అంటించి అదుమవలెను. టైరు లోపల గుడ్డతో తడవి ముల్లు తీసివేయనిదే ట్యూబును మరల నెక్కింపరాదు. రొట్టె కాల్చుట వచ్చినవారికి ఇది రాని పని కాదు.

నీళ్లబేసిను ఇచ్చినది ఆ పల్లెలోని యొక యిల్లాలు. "యాడికి పోతాండారమ్మా, ఇంత ఎండలో మగోళ్ల మాదిరి?" అని నవ్వుచు ప్రక్కన కూర్చుండెను. మజ్జిగ తెచ్చి యిచ్చెను. ఆమె వెనుక పదునాలుగేండ్ల పిల్ల, మా చేతులవంకనే చూచుచు, అతుకు ఎంతసేపు ఆరవలెను, గేరెందుకు అని యొకదాని వెనుక నొకటిగా ప్రశ్నలు వేసెను.

"ఏ తరగతి చదువుచున్నావమ్మా?" అని యడిగితిమి. పిల్ల తలవంచుకొనెను. తల్లియే బదులు చెప్పెను: "ఎనిమిదితో నిలిపేస్తిమమ్మా. పెద్దబడి ఆరు కిలోమీటర్లు. ఆటో ఒగనాడు వస్తాది, ఒగనాడు రాదు. పెద్దపిల్లను ఒక్కదాన్నే యాడ పంపేది?"

మా దృష్టి గోడవైపు పోయెను. అక్కడ ఒక సైకిలు, ఆడుపిల్లలు తొక్కునదే, పాలక్యానులు తగిలించి యున్నది. ఏండ్లక్రిందట 'బడికొస్తా' పథకమున తొమ్మిదవ తరగతి బాలికలకు ప్రభుత్వము పంచిన సైకిలట. పెద్దకూతురికి వచ్చినది. ఆమె పెండ్లియై పోయినది. "అది అన్న తీస్కపోతాడు, పాలకు," అని పిల్ల మెల్లగా ననెను.

"పాలు తెల్లవాఱకమునుపే పోయి వచ్చునుగదా అక్కా. బడి తొమ్మిదింటికి గదా," అంటిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు. "వాళ్లనాయన్ను అడగాల," అనెను. మా ఆడుబిడ్డ అప్పటికే పిల్లను తన సైకిలుపై నెక్కించి వీధి చివఱ వఱకు త్రిప్పి తెచ్చెను. పిల్ల తిరిగి వచ్చునపుడు వెనుక పట్టుకొన్న చేయి లేదు. తల్లి అది చూచెను, ఏమియు ననలేదు.

ఆ తండ్రి యేమనెనో మాకు తెలియదు. అయితే ఆ యింటివారు క్రూరులు కారు. భయపడినవారు. ఆ భయము నిజమైనదే. ఒంటరి దారిలో ఒక్కపిల్లను పంపుట కష్టమే; ఐదుగురు పిల్లలు ఐదు సైకిళ్లమీద కలిసి పోవుట కష్టము కాదు. ఊరిలో ఐదిండ్ల తల్లులు ఒక్కచోట కూర్చుండి మాటాడుకొనిన చాలును.

గండికోట

నాలుగు గంటలకు జమ్మలమడుగు దాటితిమి. అచటినుండి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. దినములో నెల్ల కఠినమైనది ఇదియే. అప్పటికే తొడలు బరువెక్కినవి. ఒకచోట దిగి సైకిలును నడిపించుకొనియే పోయితిమి. అందు నామోషీ లేదు. కొండకు వందనము చేసినట్లే. సూర్యుడింకను గట్టుమీద మూరెడెత్తున నుండగా కోట చేరితిమి.

గండి యనగా కొండను నీరు చీల్చిన దారి. ఎఱ్ఱమలను పెన్న చీల్చిన యీ గండి లోతు సుమారు 300 అడుగులు. ఇరువైపుల ఎఱ్ఱనిరాళ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. పెమ్మసాని నాయకులు ఏలిన యీ దుర్గమును 17వ శతాబ్ది నడుమ గోలకొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకొనెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టవర్నియే అతనిని ఇక్కడనే కలిసికొనెను. మాధవరాయస్వామి ఆలయము, రంగనాథాలయము, జుమ్మామసీదు, ధాన్యపుకొట్టము ఒక్క కోటలోనే యున్నవి. కొట్టము చూచి మేము చాలసేపు నిలిచితిమి. యుద్ధము రాజులది కావచ్చును. ఆ గింజలను దంచి, విసరి, వండి పెట్టినవారు మాత్రము స్త్రీలే యై యుందురు.

ఉదయము అవుకున చూచిన నీరు చేరు గండికోట జలాశయము దగ్గఱలోనే యున్నది. దానికొఱకు కొండాపురము మండలములో తాళ్లప్రొద్దుటూరు వంటి గ్రామములవారు ఇండ్లు విడిచిపోవలసివచ్చినది. కరవుసీమకు నీరు వచ్చుట పండుగయే. ఆ పండుగకు కొందఱు ఇల్లాండ్రు తమ పొయ్యిలనే వెలగా ఇచ్చిరని మఱువరాదు. ఆ రాత్రి పర్యాటకశాఖవారి విడిదిలో నిద్రించి, మఱునాడు సైకిళ్లను సరకుల ఆటోలో నెక్కించి యిల్లు చేరితిమి.

స్త్రీలును సైకిలును

ఇది క్రొత్తవింత కాదు. 1894లో ముగ్గురు బిడ్డల తల్లియగు ఆనీ లండన్‌డెరీ అమెరికాలోని బోస్టనునుండి సైకిలుతో భూప్రదక్షిణమునకు బయలుదేరి, 1895లో తిరిగి వచ్చెను. సముద్రములు ఓడలపై దాటినను, ఆ కాలమున అది సాహసమే. ఫ్రాన్సులో పుట్టిన దూరప్రయాణపు పద్ధతి ననుసరించి నేడు మన దేశమున స్త్రీలును 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలోపల పూర్తిచేయుచున్నారు. మన పొరుగున తమిళనాడు పుదుక్కోట జిల్లాలో 1990 తరువాతి యక్షరాస్యతోద్యమమున, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహమున, వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. కూలిపనివారు, నర్సులు, అంగన్‌వాడి కార్యకర్తలు బస్సుకొఱకు కాచుకొనుట మానిరి.

బీహారులో 2006నుండి తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిలుకొఱకు ధనమిచ్చిరి. ఆ పథకమును పరిశీలించిన కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక సుమారు 32 శాతము పెరిగెనని 2017లో ప్రకటించిరి. బడి 3 కిలోమీటర్లకు పైబడి దూరమున్న యూళ్లలోనే ఈ మేలు హెచ్చుగా కనబడినది. అనగా ఆ పిల్లలకు బుద్ధి తక్కువై కాదు, దూరము ఎక్కువై చదువు నిలిచిపోయినదని తేలినది.

సోదరీమణులారా! మీరందఱును గండికోటకు పోవలెనని మా యభిప్రాయము కాదు. నలుబదియేండ్లు దాటినవారును, రక్తహీనము, గుండెజబ్బు, మోకాళ్లనొప్పి గలవారును వైద్యుని అడిగిన పిదపనే ప్రారంభింపవలెను. తక్కినవారు రేపటి ఆదివారము రెండు కిలోమీటర్లు పోయి రండు. ఊరి చెఱువుకట్ట వఱకైనను చాలును. ఒక నెల గడచునప్పటికి పదియగును. టైరునకు అతుకు వేయుట, గొలుసునకు నూనె పెట్టుట, బ్రేకు బిగించుట మగపిల్లలతోబాటు ఆడుపిల్లలకును నేర్పుడు.

మఱియు మీ యింటిలోగాని, పొరుగింటిలోగాని, దూరమను పేరున బడి మానిన పిల్ల యున్నదేమో చూడుడు. గోడకు చేరవేసిన సైకిలున్నదేమో చూడుడు. రెండును ఒకే యింట నున్నచో, ఆ తల్లితో ఒక పూట కూర్చుండి మాటాడుడు. పాలు తెల్లవాఱకమునుపే పోయి వచ్చును. బడి తొమ్మిదింటికి.